ఖిలా వరంగల్ పార్కుల మెటల్ డిటెక్టర్ తోని తిరగొచ్చా? తెల్సినోళ్లు చెప్పండి

హన్మకొండ_పోరడు:

అందరికీ నమస్తే. మా బావ ఇంగ్లండ్‌ల ఉంటడు, ఈసారి వచ్చినప్పుడు ఆయన వాడి పక్కకు పెట్టిన మెటల్ డిటెక్టర్ ఒకటి నాకిచ్చి పోయిండు. గారెట్ కంపెనీది, పెద్ద ఖరీదుది గాదు, స్క్రీన్ మీద నంబర్ వస్తది, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోవాలె. ఆడ మా బావ ఆదివారం వస్తే చాలు పొలాలల్ల పడి తిరుగుతడట, రోమన్ల కాలం నాణెం దొరికిందని ఫోటో గూడ చూపెట్టిండు. అది చూసినకాన్నుంచి నాకు గదే పిచ్చి.

మా ఇంటెనక జాగల తిప్పి చూసిన. బీరు మూతలు, మేకులు, తాళంచెవి ముక్క, ఒక బొక్క పైస దొరికినయ్. పైస మీద 1944 అని ఉన్నది. మా నాయినమ్మకు చూపెడితే గివి మేం చిన్నగున్నప్పుడు మొలతాడుకు కట్టేటోళ్లురా అని ఒకటే నవ్వుడు.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్త. మన కోటల ఏకశిల గుట్ట కింద పార్కు ఉన్నది గదా, ఖుష్ మహల్ చుట్టుపక్కల గూడ ఖాళీ జాగ మస్తున్నది, కాకతీయుల రాజధాని అంటే ఆ మట్టిల ఎంత ఉండాలె చెప్పుండ్రి. పొద్దున్నే జనం రాకముందు ఓ గంట తిప్పితే ఎవరన్న ఏమన్న అంటరా? పర్మిషన్ అడగాల్నంటే ఎవరిని అడగాలె, మున్సిపాలిటోళ్లనా, పురావస్తు శాఖోళ్లనా? కోటల కాదంటే హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌ల అయితే ఓకేనా? నేను గడ్డపారలు, పలుగులు పట్టుకపోయే రకం గాదు, చిన్న తాపీతోని జానెడు లోతు తీసి మళ్ల మట్టి కప్పేస్త. ఇంకోటి, మన దిక్కు ఎర్రమట్టిల ఈ మెషిన్ ఎంత లోతు చూస్తది? ఎవరన్న వాడినోళ్లుంటే చెప్పుండ్రి, జర తిట్టకుండ.

—

మధ్యకోట_మనిషి:

తమ్మీ, మాది మధ్యకోటనే, పుట్టింది పెరిగింది గీడనే. తిట్టను గని ఒక్కటే మాట చెప్త, ఆ మెషిన్ పట్టుకొని కోటలకు రాకు.

రూల్ సంగతి వేరేటోళ్లు చెప్తరు, నేను మనుషుల సంగతి చెప్త. నువ్వు శోకు కోసం వస్తున్నవ్, నాకు అర్థమైంది. గని మా వాడల ముసలమ్మకు అది ఎట్ల అర్థమైతది? మా దిక్కు గుప్త నిధుల పేరు మీద ఎంత నాశనం అయిందో నీకు తెల్వంది గాదు. పాత గుడి ఏదన్న ఒంటరిగ కనపడ్తే చాలు, అమావాస్య పోయినంక తెల్లారి పోయి చూస్తే నంది పక్కకు ఒరిగి ఉంటది, పానవట్టం కింద మనిషి లోతు బొంద, దాని చుట్టూ నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కోడి ఈకలు. లంకెబిందెలు ఉన్నయని ఎవడో ఒకడు చెప్తడు, ఇంకొకడు పైసలు పెడ్తడు, ఏడెనిమిది వందల ఏండ్ల నుంచి నిలబడ్డ గుడి ఒక్క రాత్రిల కూలిపోతది. దొరికేది ఏం ఉండదు, నంది ముక్కు మాత్రం పోతది. గిసొంటియి చూసి చూసి ఉన్నోళ్లకు పొద్దున ఐదు గంటలకు ఒకడు చెవులకు డబ్బాలు పెట్టుకొని నేల వాసన చూసుకుంట తిరుగుతుంటే ఏమనిపిస్తది? ముందు నలుగురు పోగైతరు, తర్వాత వందకు ఫోన్ కొడ్తరు, పోలీసులు వచ్చేదాంక నిన్ను ఏడికీ పోనియ్యరు. వాళ్లు వచ్చుడే నీకు మంచిదైతది ఆ టైంల, నిజం చెప్తున్న.

ఇంకో ముచ్చట. కోటల ఉండేటోళ్లం మేమే మా ఇంట్ల బాత్రూం కట్టుకోవాల్నంటే పునాది తీయనీకి భయపడ్తం. కట్టడానికి 100 మీటర్ల లోపల ఉన్నవని నోటీసు వస్తది. మా తాతలకాన్నుంచి ఉన్న జాగ అది. మాకే గట్లుంటే బయటినుంచి వచ్చినోడు పార్కుల తాపీ పట్టుకొని కూసుంటే ఊకుంటమా? గీ మంట గూడ ఉంటది మాకు, దాచుడెందుకు.

చూడనీకి రా, ఖుష్ మహల్ మెట్లెక్కి పైకి పో, గుండు చెరువు కాడ కూసో, చాయ్ నేను తాపిస్త. మెషిన్ మాత్రం ఇంటికాడ పెట్టి రా.

—

లా_పుస్తకం:

పైన అన్న చెప్పిందానికి నేను కాయిదాల భాగం కలుపుత. ఇది మూడు చట్టాల సంగతి, మూడూ వేరేవేరే టైంల పుట్టినయ్ కాబట్టి జనాలకు కలగాపులగం అయితది.

కోట గోడలు, దర్వాజలు, తోరణాల జాగ కేంద్ర పురావస్తు శాఖ రక్షణల ఉన్నయ్. పాత కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం ప్రకారం రక్షిత ప్రాంతంల లైసెన్సు లేకుండ తవ్వొద్దు, తవ్వుడు అంటే జేసీబీ అనే గాదు, నీ తాపీ గూడ తవ్వుడే. 2010ల ఆ చట్టాన్ని సవరించిండ్రు, అప్పటిసంది రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాంక నిషేధిత ప్రాంతం, దాని మీదికెళ్లి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కట్టడానికి నష్టం చేస్తే 2 ఏండ్ల దాంక జైలు, లేకుంటే లక్ష రూపాయల దాంక జుర్మానా, లేకుంటే రెండూ. దీని మీద మన రాష్ట్రానికి 2017ల చేసిన హెరిటేజ్ చట్టం వేరే ఉన్నది, రాష్ట్ర శాఖ కింద ఉన్న గుళ్లు కట్టడాలు దాని కిందికి వస్తయ్. అంటే "ఇది సెంట్రలోళ్లది గాదు కాబట్టి నడుస్తది" అనే తెలివి పనిచెయ్యదు.

రెండోది 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం, అంటే భూమిల దొరికిన నిధుల చట్టం. తెల్లదొరల కాలంది, ఇప్పటికీ అమలుల ఉన్నది. మట్టిల దాచిన వస్తువు ఏదైనా సరే, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగ చెప్పాలె. అవును, పదే. 1878ల పది రూపాయలంటే ఒక కుటుంబం నెల గడిచే పైసలు, ఇయ్యాల రెండు చాయ్‌లు రావు, గని చట్టంల అంకె అట్లనే ఉన్నది. ఏం దొరికింది, ఎంత ఉంటది, ఏ జాగల, ఏ తారీఖున దొరికింది అని రాసి, ఆ సొమ్మును ఖజానాల జమ చెయ్యాలె లేకుంటే పూచీకత్తు ఇయ్యాలె. కలెక్టర్ నోటిఫికేషన్ ఇస్తడు, నాది అనేటోళ్లు ఉంటే రమ్మంటడు. ఎవరిదీ గాదని తేలితే దొరికినోనికి నాలుగింట మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు, వాళ్లల్ల వాళ్లు వేరే ఒప్పందం చేసుకోకుంటే. సర్కారుకు ఆ వస్తువు కావాల్నంటే దాని లోహం విలువకు ఐదో వంతు కలిపి కట్టిచ్చి తీసుకుంటది. చెప్పకుండ దాచిపెట్టినోనికి వచ్చే వాటా పోతది, ఏడాది దాంక జైలు గూడ ఉన్నది.

మూడోది 1972 పురావస్తువుల చట్టం. 100 ఏండ్లు దాటిన నాణేలు, విగ్రహాలు అన్నీ దీని కిందికి వస్తయ్, వాటితోని వ్యాపారం చెయ్యాల్నంటే లైసెన్సు కావాలె, దేశం దాటించొద్దు. అందుకే "దొరికింది ఆన్‌లైన్‌ల అమ్ముకుంట" అనే ఆలోచన ఉంటే ఇప్పుడే తీసెయ్యి.

మెషిన్ ఇంట్ల ఉంచుకున్నందుకు నిన్ను ఎవడూ ఏమనడు. ఏడ తిప్పుతున్నవ్, ఏం తవ్వుతున్నవ్ అన్నదే లెక్క.

—

ఖని_కార్మికుని_కొడుకు:

అన్నీ సర్కారుకే అప్పజెప్పాలె, మనం మాత్రం టికెట్ కొని లోపలికి పోయి చూడాలె, మంచిగుంది. వందల శిల్పాలు ఎండకు ఎండి వానకు నానుతున్నయ్, మా ఊరి పక్క శివాలయంల వీరగల్లు మీద, అంటే యుద్ధంల చచ్చిన వీరుని బొమ్మ చెక్కిన రాయి మీద, గొల్లోళ్లు కత్తులు నూరుకుంటున్నరు, అప్పుడు ఏ చట్టం రాదు. ఒక పిలగాడు శోకుకు మెషిన్ తిప్పుత అంటే మూడు చట్టాలు ఉరికొచ్చినయ్. ఇంగ్లండ్‌ల చూడుండ్రి, 2009ల స్టాఫర్డ్‌షైర్‌ల ఒకాయన డిటెక్టర్‌తోని పొలంల బంగారం కుప్ప కనుక్కున్నడు, 32.85 లక్షల పౌండ్లు లెక్కగట్టి ఆయనకు, రైతుకు ఇచ్చిండ్రు. గట్ల ఇస్తే ఎవడన్న దాస్తడా? మన దగ్గర పది రూపాయల చట్టం పెట్టుకొని కూసున్నరు.

—

బొమ్మ_బొరుసు:

ఆ బొక్క పైస మీద కిరీటం బొమ్మ, ఇంగ్లీషు అంకెలు ఉంటే బ్రిటిష్ ఇండియాది, 1943 నుంచి 1947 దాంక కొట్టిండ్రు, యుద్ధం టైంల రాగి పొదుపు చేయనీకి నడుమ బొక్క పెట్టిండ్రు. నిజాం సర్కారు గూడ అదే టైంల బొక్క ఉన్న "పై" బిళ్లలు కొట్టింది, దాని మీద ఉర్దూ, హిజ్రీ సంవత్సరం ఉంటది. మన హైదరాబాద్ రాజ్యంల హాలీ సిక్కా, అంటే నిజాం సొంత పైసలే నడిచేటియి కాబట్టి హన్మకొండ పెరట్ల బ్రిటిష్ది దొరికిందంటే మీ ఇంట్ల ఎవరో రైలు మీదనో, బెజవాడ దిక్కు బేరానికో తిరిగొచ్చి ఉంటరు. నాయినమ్మను అడుగు, కథ బయటికొస్తది. దాన్ని మాత్రం చింతపండు పెట్టి రుద్దకు. అందరూ చేసే ఎవ్వారం గదే, మీద ఉన్న పాత రంగు పోతే దాని విలువ సగం పోయినట్టే.

—

చరిత్ర_ఎంఏ:

ఖని అన్న కోపంల న్యాయం ఉన్నది. వీరగల్లుల సంగతి నేను గూడ కండ్లార చూసిన, ఊరూరికి ఇదే తంతు. గని ఇంగ్లండ్ కథ సగమే చెప్పిండు. ఆ బంగారం దొరికింది రైతు పొలంల, రైతును అడిగి తిప్పిండు, దొరికినంక అధికారులకు చెప్పిండు. ఆడ గూడ ట్రెజర్ అనదగ్గది దొరికితే 14 రోజుల్ల కరోనర్ అనే అధికారికి చెప్పాలని 1996 చట్టం ఉన్నది. రక్షిత కట్టడం జాగల అనుమతి లేకుండ డిటెక్టర్ తిప్పుడు ఆడ గూడ నేరమే, లండన్ రాయల్ పార్కులల్ల అయితే తిప్పనియ్యరు. మీ బావ పొలాలల్లనే ఎందుకు తిరుగుతున్నడో, కోటలల్ల ఎందుకు తిరుగుతలేడో ఆయన్నే అడుగు తమ్ముడు.

ఇంక మన కోట. తోరణాల నడుమ జాగ చూసినవ్ గదా, అది స్వయంభూ శివాలయం ప్రాంగణం, నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు దానికి ద్వారాలు. 1303ల ఢిల్లీ సైన్యం మొదటిసారి వచ్చి దెబ్బతిని పోయింది, 1310ల మాలిక్ కాఫర్ ముట్టడి చేసిండు, 1323ల ఉలూగ్ ఖాన్ కోటను పట్టుకున్నడు, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిండు. గుడి కూలింది. ఆ తర్వాత ముసునూరోళ్లు, రేచర్లోళ్లు, బహమనీలు, షితాబ్ ఖాన్, కుతుబ్‌షాహీలు, ఆఖరికి నిజాములు. అంటే నువ్వు చూసే ఆ మట్టి ఒక్క కాలపుది గాదు, పొర మీద పొర. ఇప్పుడు ఆలోచించు, కూలిన శిల్పాల కింద, గచ్చు మీద ఒక చిన్న నాణెం దొరికిందనుకో, ఆ రాళ్లు పడకముందే అది ఆడ ఉన్నదని అర్థం. అదే నాణెం రాళ్ల మీద పేరుకున్న మట్టిల దొరికితే పడినంక వచ్చినట్టు. నాణెం అదే, బరువు అదే, చెప్పే సాక్ష్యం పూర్తిగ వేరే. నువ్వు పొద్దున గంటసేపు తిప్పి జానెడు లోతున దాన్ని తీసి జేబుల ఏసుకున్నవనుకో, నీ చేతిల ఉన్నది పాత రాగి బిళ్ల, అంతే. మళ్ల మట్టి కప్పినా ఆ పొర తిరిగి రాదు. పక్కన ఉన్న పెంకు ముక్క, బొగ్గు, కాలిన గింజ, వీటికి మెషిన్ మోగదు కాబట్టి నువ్వు వాటిని చూడవు గూడ చూడవు, తాపీతోని పక్కకు నూకేస్తవ్. పురావస్తు తవ్వకంల వాటికే ఎక్కువ గిరాకీ.

మామూలు జనాలకు దొరికిన నాణేలు చరిత్రను మార్చిన కథ మన దగ్గరనే ఉన్నది, స్టాఫర్డ్‌షైర్ దాంక పోవుడెందుకు? కోటిలింగాల. గోదావరిల పెద్దవాగు కలిసే కాడ, పాత కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల. వానలు పడ్డంక మట్టి కొట్టుకపోయి నాణేలు పైకి తేలేటివి, ఊరోళ్లు ఏరుకునేటోళ్లు. సంగనభట్ల నరహరి శర్మ లాంటోళ్లు వాటిని కూడబెట్టి శాసనాలు చదివే పండితుడు పరబ్రహ్మశాస్త్రికి చూపెడితే ఆయన వాటి మీది అక్షరాలు చదివిండు. శాతవాహన మొదటి రాజు సిముకుని పేరు బయటపడ్డది, అంతకుముందు గోబద, నారన, కంవాయ, సమగోప అనే స్థానిక రాజులు ఉన్నరని గూడ తెల్సింది. శాతవాహనుల మొదలు మహారాష్ట్ర దిక్కు అని వాదించేటోళ్లకు అది పెద్ద జవాబైంది. ఆ నాణేలు అంత గట్టిగ మాట్లాడినయంటే అవి ఏ ఊర్ల, ఏ దిబ్బ మీద దొరికినయో అందరికీ తెల్సు కాబట్టి. అవే నాణేలు ఏ షరాబు దుకాణంలనో తేలితే అసలియా నకిలియా అని కొట్లాడుకుంట కూసునేటోళ్లం. కోటిలింగాలల కొంత భాగం ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఉన్నది, అది ఇంకో బాధ.

మొన్నమొన్నటి ముచ్చట గూడ చెప్త, 2021 ఏప్రిల్‌ల జనగామ దగ్గర పెంబర్తిల భూమి చదును చేస్తుంటే రాగి పాత్రల బంగారం, వెండి నగలు బయటపడ్డయ్. విషయం అధికారులకు చేరింది, సొమ్ము వాళ్లు స్వాధీనం చేసుకున్నరు. జనం గుంపులుగ పోయి ఆ భూమిల పసుపు కుంకుమలు చల్లిండ్రు, పేపర్లల్ల ఫోటోలు వచ్చినయ్. మెషిన్లు లేకున్నా భూమి తియ్యాలనుకున్నప్పుడు అదే తీస్తది.

—

చెల్క_సిగ్నల్:

అందరూ చట్టం, చరిత్ర చెప్పిండ్రు, పిలగాడు అడిగిన ఎర్రమట్టి ప్రశ్నకు ఎవరూ జవాబియ్యలే. నేను చెప్త, హసన్‌పర్తి దిక్కు మా పొలాలల్ల, తెల్సినోళ్ల జాగలల్ల వాడుతుంట. పోయిన వస్తువులు వెతికిచ్చుడే నా పని, పైసలు తీసుకోను, కల్లు పోస్తే వద్దనను.

నీది గారెట్ చిన్నది అంటే వీఎల్ఎఫ్ రకం, తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగంతోని పనిచేసేది. కాయిల్ నుంచి అయస్కాంత తరంగం భూమిలకు పోతది, లోహం తగిలితే దాంట్ల కరెంటు సుడి తిరిగి ఎదురు సిగ్నల్ వస్తది, ఆ సిగ్నల్ ఎంత లేటుగ వచ్చిందనే దాన్ని బట్టి నంబర్ చూపెడ్తది. రూపాయి బిళ్ల సైజు వస్తువైతే జానెడు లోతు, మంచి నేల అయితే ఇంకో రెండు వేళ్లంత ఎక్కువ. అంతే. మీటర్ లోతున బిందె చూపెడ్తది, వంద అడుగుల దూరం నుంచి బంగారం దిక్కు చూపెడ్తది అని వీడియోలల్ల అమ్మేటియి బియ్యం గింజలను గుంజే మహిమ చెంబు అని మోసం చేసే రైస్ పుల్లింగ్ బాపతే, ఒక్క రూపాయి పెట్టకు.

మన చెల్క నేలల్ల ఇనుము పాలు ఎక్కువ, అందుకే ఎర్రగ ఉంటది. మెషిన్ ఆ మట్టినే లోహం అనుకొని ఊకె గునుగుతది. గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మట్టి సిగ్నల్‌ను పక్కకు పెట్టే సెట్టింగ్ ఉంటే కాయిల్‌ను నేల మీద పైకి కిందికి నాలుగుసార్లు ఊపి సెట్ చేసుకోవాలె, లేకుంటే సెన్సిటివిటీ తగ్గించుకోవాలె. లోతు తగ్గుతది గని తలకాయ నొప్పి తగ్గుతది. కొన్ని నల్ల గుండ్రాళ్లు గూడ మోగుతయ్, పార పెట్టి తీస్తే ఉత్త రాయి. నల్లరేగడిల వాన పడ్డంక తిప్పకు, ఎండి నెర్రెలు రాకముందు మెత్తగున్నప్పుడే సుఖం.

ఇంకోటి, ఇనుము మోగకుండ కట్ చేసుకుంటే మన రూపాయి బిళ్లలు గూడ కనపడవు. ఇప్పటి రూపాయి అయస్కాంతానికి అంటుకునే స్టీలు, మెషిన్‌కు మేకు, రూపాయి ఒక్కటే లెక్క. బంగారం ఇంకా సతాయిస్తది. సన్న ఉంగరం, చెవి కమ్మ నంబరు గుట్కా ప్యాకెట్ రేకు నంబరు కాడనే వస్తది. రేకు వద్దని కట్ చేసినవా బంగారం గూడ పాయె. అందుకే పార్కులు గిట్ల తిప్పేటోనికి ఓపిక కావాలె, గుట్కా రేకులు ఏరి ఏరి నడుము పడిపోతది, మున్సిపాలిటోళ్లు సన్మానం చెయ్యాలె మనకు.

ఒక పని చెప్త, దీంట్ల ఉన్న మజా తెలుస్తది. మొన్న యాసంగిల ఒకామె నాటేసేటప్పుడు పుస్తె పోగొట్టుకున్నది. దారం తెగింది, బురదల పడ్డది, ఎంత వెతికినా దొరకలే. ఆమె పంట అయిపోయేదాంక ఎవరికీ చెప్పక మింగిందట, అత్తకు తెలుస్తదని భయం. కోత అయినంక వాళ్ల తమ్ముడు నన్ను పిలిచిండు. మడి ఎండి ఉన్నది, కొయ్యకాళ్లు కాయిల్‌కు తట్టుకుంట ఉన్నయ్, హార్వెస్టర్ నుంచి పడ్డ నట్లు బోల్టులు అడుగడుగునా. ఆమె ఏ మునుమున నాటేసిందో గుర్తుపెట్టుకున్నది, గట్టు నుంచి ఆరో మునుము అన్నది, అదే మాకు పెద్ద ఆసరా అయింది. సాలుకు సాలు దగ్గరదగ్గరగ తిప్పుకుంట పోయినం. పొద్దు వాలే టైంకు ఒక కాడ రేకు నంబరే వచ్చింది గని అటు నుంచి తిప్పినా ఇటు నుంచి తిప్పినా మారలే, నిలకడగ మోగింది. వరి దుబ్బు పీకి చూస్తే వేర్ల నడుమ ఇరుక్కొని ఉన్నది, వేరు సన్నగ దాని బొక్కలకెళ్లి దూరి అవతలికి పోయింది. ఆమె దాన్ని కడగకుండనే కండ్లకద్దుకున్నది. ఆ పూట కల్లు గాదు, నాటుకోడే పెట్టిండ్రు.

నీకు కావాల్నంటే గిసొంటి పనులు కొల్లలు. బతుకమ్మ పండుగ అయినంక పద్మాక్షి గుట్ట దిక్కు కమ్మలు, పట్టీలు పోగొట్టుకున్నోళ్లు ఎంతమందో, సద్దుల తెల్లారి మొఖాలు చూస్తే తెలుస్తది. అది గూడ పాత గుడి జాగనే, కొండ మీద జైన శిల్పాలు ఉన్నయ్, అందుకే ఆడ పైపైన ఏరుకునుడే, తవ్వుడు లేదు, పోగొట్టుకున్నోళ్లు పక్కనుండాలె, గుడోళ్లకు చెప్పాలె. రైతులకు పూడిపోయిన బోరు కేసింగ్, పాత పైపు లైన్ వాల్వు వెతికిపెట్టినా పుణ్యమే.

పబ్లిక్ గార్డెన్ గురించి అడిగినవ్, అది కార్పొరేషన్ జాగ, కమిషనర్ పేరు మీద దరఖాస్తు రాసి ఇయ్యి, ఫలానా వస్తువు పోయింది, వెతుక్కుంటం అని కారణం ఉంటే వినే అవకాశం ఉంటది. ఊకె శోకుకు అంటే ఇయ్యరు, ఇయ్యకుంటే ఊకో. అనుమతి ఉన్నా గడ్డి కింద లైట్ల కేబుళ్లు ఉంటయ్, తడిపే పైపులు ఉంటయ్, ఒకటే లైన్ల పొడుగ్గ మోగుతుంటే తాపీ దించకు. ఇంకా పార్కుల మట్టి ఆ జాగదే అనుకోకు, చదును చేయనీకి ఏ చెరువుకెళ్లి తెచ్చిండ్రో. మిషన్ కాకతీయ మొదలైన కాన్నుంచి, అంటే 2015 సంది, చెరువు పూడిక అంతా పొలాలకెక్కింది. మా చెల్కల దొరికిన గంట ముక్క ఏ ఊరి చెరువుదో ఆ దేవునికే తెల్వాలె.

—

హన్మకొండ_పోరడు:

అందరికీ థాంక్స్, ఇంత పెద్దగ రాస్తరనుకోలే. సరే, కోట బంద్. మధ్యకోట అన్నా, చాయ్‌కి మాత్రం వస్త. నాయినమ్మను అడిగిన, వాళ్ల నాయిన కాజీపేట రైల్వేల గ్యాంగ్ మేస్త్రిగ చేసిండట, బెజవాడ దాంక డ్యూటీ. బొమ్మ_బొరుసు అన్న ఎట్ల చెప్పిండో గట్లనే ఉన్నది, నాకైతే దిమాక్ ఖరాబైంది.

ఒక్కటి మాత్రం అడుగుత. మా మేనమామకు గణపురం దిక్కు, ఆడ ఉన్న కాకతీయుల కాలం కోటగుళ్ల నుంచి రెండు కిలోమీటర్లు ఉంటదేమో, పత్తి చేను ఉన్నది. మామ తిప్పుకో అన్నడు. ఆయన సొంత పట్టా. దున్నినప్పుడల్లా పాత పెంకు ముక్కలు పైకి వస్తయట. ఆడనన్న తిప్పొచ్చా?

—

లా_పుస్తకం:

రెండు కిలోమీటర్లంటే ఆ 300 మీటర్ల లెక్కల రాదు, గని ఆ చేను పక్కన వేరే ఏదన్న చిన్న గుడి, కట్టడం రక్షిత జాబితాల ఉందేమో ముందు చూసుకో, గణపురం చుట్టూ గసొంటియి ఉంటయ్. మామ సరే అన్నది నోటిమాట గాదు, కాయిదం మీద రాయించుకో, దొరికిందాంట్ల వాటా సంగతి గూడ అందులనే రాయుండ్రి. ఊరి సర్పంచ్‌కు, స్టేషన్‌కు ఒక మాట చెప్పి పెట్టు, మధ్యకోట అన్న చెప్పిన జనం ఆడ గూడ ఉంటరు. పగటిపూటనే తిప్పు, మామ పక్కన ఉండాలె.

—

చరిత్ర_ఎంఏ:

పెంకు ముక్కలు దున్నినప్పుడల్లా వస్తున్నయంటే అది పాటిమీద అయి ఉంటది, పాత ఊరు ఉన్న దిబ్బ. ఊర్ల "పాటిగడ్డ" అని పిలుస్తున్నరా అడుగు. అయితే మెషిన్ సంగతి పక్కకు పెట్టి ముందు ఆ పెంకులు ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ఎరుపా, నలుపా, లోపల నల్లగ బయట ఎర్రగ ఉన్నయా, మూతి అంచు ఉన్న ముక్కలు ఉంటే అవి ముఖ్యం. పక్కన అగ్గిపెట్టె పెట్టి తియ్యి, సైజు తెలుస్తది. చేన్ల ఏ మూలకు ఎక్కువ వస్తున్నయో మామను గుర్తుపెట్టుకోమను. నాకు ఆ పెంకుల మీదనే ఎక్కువ ఆశ ఉన్నది.

—

చెల్క_సిగ్నల్:

పాటిమీద అయితే నాగలి పోయినంత లోతు మట్టి ఎట్లాగూ కలగాపులగం అయి ఉంటది, దాని కిందికి మాత్రం తాపీ దించకు. నాగలి సాలు లోతు, అంతే నీ హద్దు. సిగ్నల్ దానికన్న లోతుకెళ్లి వస్తే జెండా కట్టె గుచ్చి ఫోటో తీసి వదిలెయ్. పత్తి ఏరుడు అయిపోయి కట్టె పీకినంక పోతే కాయిల్ నేలకు ఆనుతది, ఇప్పుడు పోతే చెట్లు విరుగుతయ్, మామ రెండోసారి రానియ్యడు. పోయే ముందు చెప్పు, ఖాళీగుంటే నేను గూడ వస్త, నా దగ్గర పిన్‌పాయింటర్ ఉన్నది, బొందల వస్తువు సరిగ్గ ఏడున్నదో చూపెట్టే చిన్న చేతి డిటెక్టర్.

—

మధ్యకోట_మనిషి:

గణపురం పోయే తొవ్వల పోలీసోళ్లు ఆపితే సంచిల ఏముందని అడుగుతరు, మామ రాసిచ్చిన కాయిదం పైజేబుల పెట్టుకో, సంచి అడుగున గాదు.